వీలునామాలో ఒకటి అంకె

సంతకం మా తాతదే. కేసంతటిలో మమ్మల్ని ఇబ్బంది పెట్టింది అదే.

తాత గుంతకల్లు రైల్వేలో క్లర్కు. రిటైరయ్యాక ఇంట్లో పాత రెమింగ్టన్ మిషన్ పెట్టుకుని, తన పెన్షన్ అర్జీలతో పాటు ఊళ్లోవాళ్ల దరఖాస్తులు కూడా కొట్టిపెట్టేవాడు. ఊరికి పోయేముందు, పని ఆగకూడదని తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి ఇంట్లో ఉంచి పోయేవాడు. ఎంత మంచి మనిషైనా అట్లాంటి అలవాటు ఉండకూడదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, గుత్తి రోడ్డు స్థలానికి రేటు వచ్చాక, మా పెదనాయన కొడుకు 1978 తేదీతో ఇంగ్లీషులో టైపు చేసిన వీలునామా ఒకటి బయటికి తీసినాడు. స్థలమంతా పెదనాయనకే రాసినట్టు. సాక్షులిద్దరూ ఎప్పుడో కాలం చేశారు.

మేం అనంతపురంలో భాగాల దావా వేశాం. వాళ్ల జవాబుతో పాటు ఆ వీలునామా జిరాక్సు వచ్చింది. లాయరు సారు దాన్ని చదివి, "ముప్పై ఏళ్లు దాటిన పాత పత్రమనే వెసులుబాటు వీలునామాకు లేదమ్మా, సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. వాళ్లు రుజువు చేసుకోవాల్సిందే. కానీ సాక్షులు లేనప్పుడు చేతిరాత మీదికే పోతారు. సంతకం మీ తాతదేనని తేలితే మనకు కష్టం" అన్నాడు.

నేను టవర్ క్లాక్ దగ్గరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పరీక్ష పాసైనదాన్ని. ఆ జిరాక్సు పట్టుకుని కమలానగర్‌లో ఉండే మా టైపు సారు దగ్గరికి పోయినాను. ఆయన అద్దాలు తీసి, కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకుని చూసి, "మీ తాత మిషన్‌లో ఒకటి యాడిది పాపా?" అన్నాడు.

చాలా పాత మాన్యువల్ మిషన్లలో ఒకటి అంకెకు కీ ఉండదు. చిన్న ఎల్ అక్షరమే కొట్టాలి. ఇంటికొచ్చి అటక మీది రెమింగ్టన్ దించి చూస్తే అంకెల వరస రెండుతో మొదలవుతోంది. తాత ఉత్తరాల్లో 1978 అంటే మొదట ఒక ఎల్, దాని పక్కన 978. వీలునామాలో మాత్రం ముక్కు వంచి, కింద గీత పెట్టుకున్న నిఖార్సైన ఒకటి.

మా తమ్ముడి కొడుకు ఇంకో అడుగు ముందుకేసినాడు. "అత్తా, ఇది కొరియర్ న్యూ. 1992లో విండోస్ 3.1తో వచ్చిన ఫాంటు" అని ఫోన్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూపించినాడు. ఐ అయినా ఎమ్ అయినా ఒకే వెడల్పు తీసుకుంటుంది కాబట్టి చూపుకు టైపు మిషన్ మాదిరే ఉంటుంది. తయారు చేసినవాడికి ఆ మాత్రం తెలివి ఉంది. ఇంట్లో అందరం గెలిచేసినట్టే మాట్లాడుకున్నాం.

లాయరు సారు మాత్రం తల అడ్డంగా ఊపినాడు. కొరియర్ అసలు 1950లలో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం గీసిన అక్షరమే. రైల్వేలో ఏదో మిషన్ ఉండిందని వాళ్లంటే లేదని మనమెట్ల చెప్తాం? పాకిస్తాన్ అప్పటి ప్రధాని నవాజ్ షరీఫ్ కూతురి పత్రం సంగతి కూడా ఆయనే చెప్పినాడు. 2006 తేదీ ఉన్న పత్రంలో, 2007 జనవరిలో జనానికి అందిన కాలిబ్రి ఫాంటు కనబడింది. వెంటనే అవతలివాళ్లు "బీటా కాపీలు, అంటే పరీక్షకిచ్చినవి, ముందే ఉండినాయి కదా" అన్నారు. "ఫాంటు పేరు పట్టుకుంటే వాదన సాగుతూనే ఉంటుంది. కాగితం మీద మిషన్ అక్షరం దెబ్బ పడిందా లేదా చూడండి."

దానికి జిరాక్సు పనికిరాదు. కోర్టులో దాఖలైన అసలు కాగితం చూడ్డానికి అర్జీ వేసి, క్లర్కు ఎదురుగా భూతద్దంతో చూశాం. తాత ఉత్తరాన్ని తిప్పి వేలితో తడిమితే గరుకుగా తగుల్తుంది. ఫుల్‌స్టాప్ పడిన చోటల్లా సూది పొడిచినట్టు చిల్లి. ఇంగ్లీషు చిన్న 'e' పొట్ట మడ్డితో మూసుకుపోయి నల్లచుక్కలా ఉంటుంది. వీలునామా వెనకవైపు నున్నగా ఉంది, ప్రతి 'e' పొట్టా శుభ్రంగా ఉంది. తేదీలో 14 పక్కన టీ, హెచ్ చిన్నవై పైకెక్కి కూర్చున్నాయి. కంప్యూటర్‌లో వర్డ్ తనంతట తాను చేసే పని అది. మా తాత మిషన్‌లో రోలర్ తిప్పి అక్షరాన్ని పైకి ఎక్కించొచ్చు గానీ చిన్నది చేయలేం. 2004లో అమెరికాలో అప్పటి అధ్యక్షుడు బుష్ సైనిక సేవ గురించిన కాగితాలు బయటపడి, అవి నకిలీవన్న అనుమానం వచ్చినప్పుడు కూడా జనం మొదట పట్టుకున్నవాటిలో ఇదొకటి.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివర్లో దొరికింది. తాత సంతకం తోక పైకి లేచి ఆఖరి లైనును దాటుతుంది. ఆ దాటిన చోట నీలం సిరా మీద నల్లటి పొడి మెరుస్తోంది.

సాక్ష్య చట్టం 45వ సెక్షన్ కింద నిపుణుడికి పంపమని అర్జీ పెట్టాం. ఇప్పుడైతే కొత్త చట్టంలో అది 39. టైపు అక్షరాల మీద నిపుణుడి మాట చెల్లదన్న 1952 నాటి సుప్రీంకోర్టు తీర్పు అవతలి లాయరు చదివినాడు. ఆ మాటను 1996లో సుప్రీంకోర్టే పక్కన పెట్టి, టైప్‌రైటర్ నిపుణుడు కూడా 45 కిందికే వస్తాడంది. మా సారు ఆ కాపీ ముందే పెట్టుకుని ఉన్నాడు. పోల్చడానికి ఒప్పుకున్న కాగితాలు కావాలి కదా. సంతకం నిజమని చూపించాలని వాళ్లు దాఖలు చేసిన తాత ఉత్తరాలు ఉండనే ఉన్నాయి. అవీ ఆ రెమింగ్టన్ మీద కొట్టినవే.

రిపోర్టు రావడానికి చాలా కాలం పట్టింది. సంతకం ఆయనదే. అక్షరాలు టైపు మిషన్ కొట్టినవి కావు, ప్రింటరు వాడే నల్లపొడి, టోనర్‌తో పడినవి. దాటిన చోట సిరా అడుగున ఉంది, దాని మీద టోనర్ ఉంది. ఏ సంవత్సరంలో అచ్చు వేశారో చెప్పలేనని కూడా రాశాడు. ఆ వాక్యం చూసి మా తమ్ముడు దిగాలుపడినాడు, నాకైతే ఆయన మీద నమ్మకం పెరిగింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు దాన్నే పట్టుకుని గుచ్చి గుచ్చి అడిగినాడు. "ఎప్పుడు వేశారో నా పని కాదు. సంతకం ముందు పడింది, రాత తర్వాత పడింది" అన్నాడాయన. ఖాళీ కాగితం మీద పెట్టిన సంతకం వీలునామా ఎట్లవుతుందని జడ్జి అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది.

మూడు భాగాలకు ప్రిలిమినరీ డిక్రీ, అంటే ఎవరి వాటా ఎంతో తేల్చే తీర్పు, వచ్చింది. కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ వచ్చి స్థలం కొలిచి పంచాల. రోడ్డు వైపు ముక్క ఎవరికన్న గొడవ ఇప్పుడు నడుస్తోంది.