పాత కంప్యూటర్ మార్చాల్సి వచ్చి, మళ్లీ డెస్క్‌టాపే తీసుకున్నాను

నా పాత డెస్క్‌టాప్ పాడైపోలేదు. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మధ్యలో ఎప్పుడో హార్డ్ డిస్క్ తీసేసి పెట్టించిన ఎస్‌ఎస్‌డీ. టైపింగ్‌కీ, మెయిల్స్‌కీ అది ఇప్పటికీ చాలు. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు కొంతకాలం తీసుకునే వీలున్నా, అది గడువు పొడిగించుకోవడమే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. నాది ఆ జాబితాలో లేదు.

దానికి తోడు నా పని కూడా మారింది. హైస్కూల్ పిల్లల కోసం లెక్కల పాఠాలు రికార్డు చేసి, ఎడిట్ చేసి పెడుతుంటాను. ఒక్కో పాఠం ముప్పావు గంట దాకా ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, పక్కన బ్రౌజర్ కూడా తెరిస్తే టాస్క్ మేనేజర్‌లో మెమరీ 95 శాతం దాటుతోంది. ర్యామ్ మాత్రం పెంచితే సరిపోతుందా అని ముందు చూశాను. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే ఎడిట్ చేసినదాన్ని ఒకే వీడియో ఫైలుగా తయారు చేసేటప్పుడు, ప్రాసెసర్ మొదటి నుంచి చివరి దాకా 100 శాతం దగ్గరే నిలబడుతోంది. అంటే ర్యామ్ ఒక్కటే పెంచి లాభం లేదు. కొత్తది కొనాల్సిందే అని అక్కడ తేలింది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ల్యాప్‌టాప్. "అక్కా, ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఎవరు కొంటున్నారు? రేపు ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే ఏం చేస్తావ్?" అన్నాడు మా తమ్ముడు. వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే వెంటనే కాదనకుండా, కొన్ని వారాలు నన్ను నేనే గమనించుకున్నాను. కంప్యూటర్‌తో ఏ పని ఎక్కడ కూర్చుని చేస్తున్నానో ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాను. రికార్డింగ్ ఆ టేబుల్ దగ్గరే, ఎందుకంటే మైకు, లైటు అక్కడే బిగించి ఉన్నాయి. ఎడిటింగ్ అక్కడే. బయటికి వెళ్లినప్పుడు చేసినవన్నీ ఫోన్‌లో అయిపోయే పనులు. 'రేపు ఎక్కడికైనా' అనే రోజు ఆ కాగితంలో ఎక్కడా కనిపించలేదు. కంప్యూటర్ కొనబోయే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: స్పెసిఫికేషన్లు చూసేముందు ఈ జాబితా రాయండి.

అయినా పనితీరులో ఎంత తేడా ఉంటుందో కళ్లారా చూడాలనిపించింది. తమ్ముడి ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, అందులో ఒక చిన్న క్లిప్, ఒక పూర్తి పాఠం ఎక్స్‌పోర్ట్ చేశాను. చిన్న క్లిప్ చిటికెలో అయిపోయింది. పెద్దది కూడా మొదట్లో అదే ఊపుతో నడిచింది. కాసేపటికి ఫ్యాన్ హోరుమంది, కీబోర్డు పైభాగం వేడెక్కింది, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం దిగిపోవడం మొదలైంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. వేడిని బయటికి పంపే చోటు లేనప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. నా పాత డెస్క్‌టాప్ కన్నా అది చాలా ముందే పని ముగించింది, అందులో సందేహం లేదు. కానీ నేను పోల్చాల్సింది పాత దానితో కాదు, ఈ రోజు కొనబోయే కొత్త డెస్క్‌టాప్‌తో.

ఆ పోలికలో పేర్లు చూసి నమ్మకూడదని అర్థమైంది. ప్రాసెసర్ పేరు చివర ఉండే అక్షరం అసలు సంగతి చెబుతుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో 'యూ' అంటే సన్నటి మెషిన్ల కోసం చేసిన తక్కువ కరెంటు రకం, సాధారణంగా 15 వాట్ల తరగతి. 'హెచ్' అంటే 45 వాట్ల తరగతి. మామూలు డెస్క్‌టాప్ చిప్ 65 వాట్ల దగ్గర మొదలై, అవసరమైనప్పుడు ఇంకా పైకి వెళుతుంది. గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4070 డెస్క్‌టాప్ కార్డులో 12 జీబీ మెమరీ ఉంటే, అదే 4070 పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదాంట్లో 8 జీబీ మాత్రమే. ల్యాప్‌టాప్ 4060కి కంపెనీని బట్టి 35 నుంచి 115 వాట్ల మధ్య ఎంతైనా కరెంటు ఇవ్వవచ్చు. కాబట్టి ఒకే కార్డు ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు కూడా ఒకేలా పని చేయవు. ఈ సంగతి పెట్టె మీద పెద్దక్షరాలతో రాయాలని నా గట్టి అభిప్రాయం. కొనేవాళ్లలో ఎక్కువమంది పేరు చూసే కొంటారు.

నన్ను డెస్క్‌టాప్ వైపు తిప్పింది మాత్రం వేగం కాదు, నా మెడ. తమ్ముడి ల్యాప్‌టాప్ మీద ఒక సాయంత్రమంతా ఎడిటింగ్ చేసేసరికి మెడ పట్టేసింది. స్క్రీన్, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఏదో ఒకటే సరైన ఎత్తులో ఉంటుంది. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా పెడితే చేతులు గాల్లో ఉంటాయి, చేతులకు సరిపోయేలా పెడితే తల వంచాలి. రోజూ గంటల తరబడి కూర్చునేవాళ్లు ల్యాప్‌టాప్ కొన్నా, విడిగా మానిటర్, కీబోర్డు, మౌస్ పెట్టుకోక తప్పదు. నా దగ్గర ఆ మూడూ ముందే ఉన్నాయి.

మినీ పీసీలు కూడా చూశాను. అరచేతిలో పట్టేంత చిన్నవి, ముచ్చటగా ఉంటాయి. ఆఫీసు పనులకు హాయిగా సరిపోతాయి. లోపల ఉండేది ఎక్కువగా ల్యాప్‌టాప్ చిప్పే, తర్వాత గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే చోటు ఉండదు. నాకు కుదరలేదు.

డెస్క్‌టాప్ అనుకున్నాక కొత్త లెక్కలు మొదలయ్యాయి. ల్యాప్‌టాప్‌లో మనం లెక్కలోకి తీసుకోకుండానే వచ్చేవి కొన్ని ఉంటాయి: కెమెరా, స్పీకర్లు, వైఫై, అన్నిటికీ మించి బ్యాటరీ. డెస్క్‌టాప్ మదర్‌బోర్డులన్నిటిలో వైఫై ఉండదు, అడిగి చూసుకోవాలి. కరెంటు పోతే ఫైల్ సేవ్ చేసి ఆపుకోవడానికి యూపీఎస్ కావాలి. ఇవన్నీ కలిపితేనే అసలు ఖర్చు తెలుస్తుంది. కరెంటు వాడకంలో కూడా ల్యాప్‌టాప్ పొదుపు, దాన్ని కాదనలేం.

పాత దాంట్లోంచి ఏవి పనికొస్తాయో ఒక్కొక్కటే చూశాను. ఎస్‌ఎస్‌డీ వచ్చింది. ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ అయిన ఎన్‌వీఎంఈ డ్రైవ్ కొత్తగా తీసుకుని, అందులో విండోస్ పెట్టి, పాతదాన్ని పాత పాఠాల ఫైళ్లకు ఉంచాను. సాటా అనే పాత రకం కనెక్షన్‌తో నడిచే నా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, కొత్త రకాల్లో 7,000 దాకా చదివేవి ఉన్నాయి. కానీ దాచుకునే ఫైళ్లకు పాతదాని వేగమే చాలు. ర్యామ్ పనికిరాలేదు. పాతది డీడీఆర్4 రకం, కొత్త బోర్డుకు కావాల్సింది డీడీఆర్5. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉన్నా గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే విరుగుతుంది. పవర్ సప్లై పనిచేస్తున్నా పక్కన పెట్టేశాను. అది పాతబడి దెబ్బతింటే తనతోపాటు మిగతా వాటిని కూడా తీసుకుపోవచ్చు, అక్కడ పొదుపు చేయకూడదు. మానిటర్ దగ్గర కాస్త టెన్షన్ పడ్డాను. దానికి వీజీఏ, డీవీఐ పోర్టులే ఉన్నాయి, కొత్త గ్రాఫిక్స్ కార్డుకు హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే. వీజీఏ అనలాగ్ కాబట్టి దానికి కన్వర్టర్ కావాలి. డీవీఐలో వచ్చే డిజిటల్ సిగ్నల్, హెచ్‌డీఎంఐది ఒకే రకం కాబట్టి మామూలు కేబుల్‌తో పనైపోయింది.

ర్యామ్ 32 జీబీ, రెండు 16 జీబీ స్టిక్కులుగా తీసుకున్నాను. రెండు ఉంటే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండూ ఒకేసారి డేటా అందిస్తూ నడుస్తాయి, నాలుగు స్లాట్ల బోర్డులో ఇంకా రెండు ఖాళీగా ఉన్నాయి. రేపు పాఠాలు 4కేలో చేయాల్సి వస్తే ఆ స్లాట్లు నింపుకుంటాను, మొత్తం సిస్టమ్ మార్చక్కర్లేదు. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి, అంటే తీయడానికి వీల్లేకుండా అతికించి ఉంటుంది. కొన్న రోజు ఎంతుంటే చివరిదాకా అంతే.

ఇప్పుడు ఒక పాఠం ఎక్స్‌పోర్ట్ పెట్టి లేచి, మొహం కడుక్కుని వచ్చేసరికి అయిపోతోంది. ముందైతే రాత్రి పెట్టి పడుకునేదాన్ని.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు కాలేజీ హాస్టల్‌కి వెళుతూ, "అత్తా, నేను కూడా డెస్క్‌టాపే తీసుకోనా?" అని అడిగింది. వద్దన్నాను. క్లాసుకీ, లైబ్రరీకీ, గదికీ మధ్య తిరిగే పిల్లకు ల్యాప్‌టాపే సరైనది. దానితో కూడా ఆ కాగితం రాయించాను, దాంట్లో ఒకే చోటు రెండుసార్లు వరసగా రాలేదు. ర్యామ్ సోల్డర్ చేసి ఉంటే 16 జీబీకి తగ్గొద్దని, టైప్-సీ పోర్టులన్నీ వీడియో ఇవ్వవు కాబట్టి మానిటర్‌కి పనిచేసే పోర్టు ఏదో కనుక్కోమని చెప్పాను. గదిలో ఛార్జర్ పెట్టే ఉంచుతానంటే, బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉన్న మోడల్ చూసుకోమన్నాను. లిథియం బ్యాటరీ ఎప్పుడూ 100 శాతం దగ్గర, వేడిలో ఉంటే త్వరగా అరుగుతుంది.