ప్రకాశం పంతులు వేషం

మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో సినిమా, టీవీ, పువ్వులు, గాజులు, తిరనాళ్లు అన్నీ ‘లోకం’ కిందికే, అంటే విశ్వాసులు అంటకూడని వాటి కిందికే వచ్చేవి. తెల్లవారుజామున కుటుంబ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూటం, ఆదివారం మందిరం. నా బోసి చెవులు చూసి మా క్లాసులో కొందరు ‘పాపం’ అనేవాళ్లు. నిజం చెప్పాలంటే, తొమ్మిదో తరగతి దాకా నాకే లోటూ అనిపించలేదు.

ఆ ఏడు ఆగస్టు 23న ప్రకాశం పంతులు గారి జయంతికి నాటకం వేయించారు. మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినపడే గొంతు నాదేనని, పంతులు వేషం నాకిచ్చారు తెలుగు మేడం. ఆ గొంతు కూటాల్లో సాక్ష్యాలు చెప్పీ చెప్పీ వచ్చింది!

నాన్న ససేమిరా అన్నాడు. మేడం ఇంటికొచ్చి, “పంతులుగారే చిన్నప్పుడు మన ఒంగోల్లో ఆడవేషాలు కట్టారండీ” అని నచ్చజెప్పబోయారు. “ఆయన లోకస్థుడమ్మా” అన్నాడు నాన్న. మేడం టీ తాగి వెళ్లిపోయారు.

మా నాయనమ్మ ఎప్పుడూ ఒక మాట గర్వంగా చెప్పేది. ధాత కరువులో (1876–78) ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు పట్టి జనానికి కూలి చూపించాడట. తర్వాత 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో మా తాత వాళ్ల తాత ఒకడు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులకు ఆ మునక ఏమిచ్చిందో నాకు తెలుసు, దాన్ని ఇప్పటికీ తక్కువ చేయను. కానీ మేడం వచ్చి వెళ్లిన ఆ రాత్రి నోరు ఊరుకోలేదు. “ఆ తాత ఏట్లో దిగేటప్పుడు వాళ్ల నాన్ననడిగి దిగాడా నాన్నా?” అన్నాను.

నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. సరే అనలేదు, మళ్లీ వద్దనీ అనలేదు.

నాటకం వేశాం. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ రోజున పంతులుగారు తుపాకీకి గుండె చూపిన సీను ఉంది అందులో. చొక్కా విప్పడం కుదరదు కదా, మేడం నాకు కండువా ఇచ్చి దాన్ని విసిరికొట్టమన్నారు. అది పోలీసు వేషంలో ఉన్న మా క్లాసువాడి మొహం మీద పడింది. ఆ ఆదివారం మందిరంలో నా పేరు పెట్టి మరీ ప్రార్థన చేశారు. తల దించుకోవాలనిపించలేదు, అదే నాకు ఆశ్చర్యం.

డిగ్రీకి నెల్లూరు హాస్టల్‌కి పోయాక చెవులు కుట్టించుకున్నా, చీము పట్టి తీసేశా. ఇప్పుడు కీర్తనలు పాడతాను, సినిమాలూ చూస్తాను. ప్రతి సోమవారం నాన్న ఫోన్ చేసి, “నిన్న మందిరానికి వెళ్లావా?” అంటాడు. వెళ్లకపోతే వెళ్లలేదనే చెబుతాను. కాసేపు కేకలేసి, పిల్లలేం చేస్తున్నారని అడుగుతాడు.