పాత గోడ పక్కన కొత్త పునాది

పాత ఇంటికి గది కలిపేవాళ్లు ముందు స్లాబు లెక్కలు వేస్తారు. అంతకంటే ముందు గోడ పక్కన చిన్న గుంత తీసి, పాత పునాది ఎంత లోతులో ఉందో చూడాలి. హైదరాబాద్‌లో ఒకే ప్లాటులో ఓ మూల గ్రానైట్ బండ, ఇంకో మూల పూడ్చిన మట్టి తగలడం మామూలే. గది సగం బండ మీద, సగం మట్టి మీద కూర్చుంటే ఒక వైపే దిగి గోడ చీలుతుంది. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. గట్టి మొరం తగిలేదాకా తవ్వాల్సిందే.

మేస్త్రీ ఎంత తొందరపెట్టినా పాత గోడ పొడవునా ఒకేసారి కందకం తీయనివ్వకండి. మూడు నాలుగు అడుగుల ముక్క తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాకే తర్వాతది, అదీ ఒకటి వదిలి ఒకటి. పాత పునాది కంటే లోతుకు పోతే దాని కింద మట్టి జారుతుంది, అప్పుడు ఇంజనీరును పిలవాల్సిందే. కొత్త గోడను పాతదానికి అతికించొద్దు. కొత్తది ఎలాగూ కొంత దిగుతుంది కాబట్టి మధ్యలో 25 మి.మీ. సందు వదిలి థర్మాకోల్ షీటు పెట్టండి, పైన నీళ్లు దిగకుండా సందు మూసే సీలెంట్.

ఫుటింగు, అంటే పునాది అడుగు కాంక్రీటు, కమ్మీ కింద 50 మి.మీ. కవర్ బ్లాకులే (కమ్మీని నేలకు ఎత్తుగా ఉంచే సిమెంటు దిమ్మలు) ఉండాలి. కంకర ముక్కలు పెడితే కమ్మీ జారి మట్టికి ఆనుతుంది, తుప్పు అక్కడే మొదలు. ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఆ బ్లాకుల ఖర్చెంతని!

ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు వాడితే కాంక్రీటును కనీసం 10 రోజులు తడపాలి. గోనె సంచులు కప్పితే ట్యాంకర్ నీళ్లు మిగులుతాయి. ఇంకుడు గుంత మాత్రం పునాదికి దూరంగానే తవ్వించండి.