రోగి సహకరించలేదట!

ఆసుపత్రి నుంచి వచ్చి వారమైంది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మొదట వచ్చిన ఇబ్బంది ఒక్కటే: వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, లేచి కూర్చుంటే సర్దుకుంటుంది. రెండు దిండ్లు మూడయ్యాయి, చివరికి కుర్చీలోనే నిద్ర. తెల్లవారితే తలనొప్పి. ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో అన్నీ బాగున్నాయన్నారు. ఆక్సిమీటర్ 97 చూపించింది. ఆందోళన తగ్గించుకోమన్నారు.

ఇక ఆ ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ. గొట్టం చుట్టూ పెదవులు బిగియక గాలి పక్కనుంచి పోతోంది. ఊదినకొద్దీ అంకె ఇంకా తగ్గుతోంది. నాలుగోసారికి టెక్నీషియన్ గొంతు పెంచింది: "చిన్నపిల్లలు కూడా ఊదుతారండీ, మీరు కావాలనే ఇలా చేస్తున్నారా?" తలుపు దగ్గర తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. మైకు లేకుండా నిండు తరగతికి ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన గొంతు నాది, నాకు ఊదడం రాదట! నాది మయస్థీనియా గ్రేవిస్ అని తర్వాత తేలింది; వాడినకొద్దీ కండరం సడలిపోవడమే ఆ జబ్బు లక్షణం. అది ఆమె కళ్లముందే జరిగింది. రిపోర్టు కింద మాత్రం "రోగి సహకరించలేదు" అని రాసింది. ఆ తర్వాత నెలన్నరపాటు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు ఆ రెండు మాటలు చదివి, ఆ తర్వాతే నా ముఖం చూశారు.

మధ్యలో ఒకరు దగ్గుకు లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. రెండు రోజులకే కనురెప్ప వాలింది, మింగడం కష్టమైంది. ఈ జబ్బున్నవారికి ఆ కోవ మందులు బలహీనతను పెంచవచ్చని తర్వాత తెలిసింది. అయితే ఆ వాలిన రెప్పే నన్ను నాడీ వైద్యుడి దగ్గరకు చేర్చింది.

ఆయన ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నారు. 14 దగ్గర ఆగిపోయాను. పడుకోబెట్టి ఊదిస్తే, కూర్చున్నప్పటి కొలతలో మూడో వంతు తగ్గింది: ఊపిరి తీయించే ప్రధాన కండరం, డయాఫ్రమ్, అలసిపోయింది. నరం ఆజ్ఞను కండరం అందుకునే చోటును దెబ్బతీసే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీలు రక్తంలో దొరికాయి. మయస్థీనియా గ్రేవిస్. నరం పంపే ఆజ్ఞ కండరానికి సరిగా చేరదు, ఊపిరితిత్తుల తప్పేమీ లేదు. ఐసీయూలో ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. ఇప్పుడు నరం ఆజ్ఞ కండరానికి చేరేందుకు తోడ్పడే పిరిడోస్టిగ్మిన్ మందు వేళకు వేసుకుంటున్నాను.

పడుకుంటే ఆయాసం వచ్చేవారు, పడుకోబెట్టి కూడా ఊదించమని పట్టుబట్టండి. ఆక్సిమీటర్ అంకె చూసి ఊరుకోకండి. కండరాలు అలసి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నా అది చాలాసేపు బాగానే కనిపించవచ్చు. పొద్దుటి తలనొప్పి అందువల్లనేనట. రిపోర్టులో "సహకరించలేదు" అని కనిపిస్తే మాత్రం అది రాసినవారి బల్ల ముందు నుంచి కదలకండి.

ఆ మాట కొట్టేయమని నేను అర్జీ పెట్టాను. రసీదు ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు.