విత్తన వరి తనిఖీ: ఒడ్డు మీది దుబ్బు తెచ్చిన పంచాయితీ

మా వరి సర్టిఫైడ్ విత్తనమని సంచులకు కట్టే నీలి ట్యాగులు నిన్ననే చేతికొచ్చినయి. కడుపుమంట చల్లారకముందే రాస్తున్న.

హాలియా దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింద మా పొలం. ఈ యాసంగిల 1010 రకం విత్తనానికి పెట్టినం. దరఖాస్తు, ఫీజు, మూలవిత్తనం తెల్ల ట్యాగులు చూపెట్టుడు, పక్క వరికి 3 మీటర్ల ఎడం కొలుచుడు, అన్నీ సాఫీగ అయిపోయినయి.

అసలు తిప్పలు పొలం ఈనినంక. తనిఖీకొచ్చిన సారు మడిల కాలు పెట్టలే. ఒడ్డు వెంట నడుసుకుంట, కాలువ పక్కన ఏపుగ ఉన్న దుబ్బులను చూపెట్టి "ఇవన్నీ కేళీలే, ప్లాటు రిజెక్టు" అన్నడు. కేళీ అంటే పంటల కలిసిన వేరే జాతి మొక్క. "సార్, వాటికి ఒక పక్క పోటీ లేదు. ఎండ, ఎరువు ఎక్కువ దొరికి బలిసినయి, జాతి ఒక్కటే" అన్న. ఆయన నా మొకం దిక్కు చూడకుండనే "ఇంట్ల మగోళ్లెవరూ లేరా అమ్మా?" అన్నడు. కలుపుకొచ్చిన అక్కలంత వింటున్నరు. సీడ్ కంపెనీ మనిషేమో నా చెవుల "సారును జర మంచిగ చూసుకోండి మేడం" అంటడు. బాటనీల డిగ్రీ చేసినదాన్ని, గా మాటకు ఒళ్లు మండింది.

చీర ఎగ్గట్టి మడిల దిగిన. ఒడ్డు మీది దుబ్బొకటి, నడి మడిల దుబ్బొకటి పీకి ఆయన ముందట పెట్టిన. పొట్టాకు నిలబడ్డ తీరు, గింజ సన్నం, పూత వయసు అన్నీ ఒక్కటే. ఒడ్డు దానికి పిలకలే ఎక్కువ. తర్వాత అసలు కేళీ దగ్గరికి రమ్మన్న. చుట్టుపక్కల కంకుల కన్న జానెడు పైకి లేచింది, గింజ కొసకు మీసం, అన్నిటికన్న ముందే ఈని తల వంచింది. "దీన్ని కాదు సార్, దీన్ని ఆనుకొని ఉన్నయి చూడండి" అన్న. వాటికి సగం పిలకలు కూడా లేవు, కింది ఆకులు పసుపెక్కినయి.

పొట్టి వరిల శానా రకాలకు కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తక్కువ తయారైతది. అందుకే అన్నీ ఒక్క ఎత్తుల ఉండి ఎండను పంచుకుంటయి. జన్యువు వేరైన పొడుగుది నడుమ జొరబడితే పొరుగోళ్ల ఎండ గుంజుకుంటది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థల రకాలు కలిపి వేసి చూసిన్రు, 1968ల అచ్చయింది: ఒంటరిగ వేస్తే బాగ పండే పొట్టి రకం, కలిపి వేస్తే పొడుగు వాటి కింద నలిగిపోయింది. అదే ఏడు ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డొనాల్డ్ కూడా పంటకు పక్కదాన్ని తొక్కని మొక్కే కావాలన్నడు. ఇదంత చెప్తుంటే సారు ఫోన్ చూసుకున్నడు, అది వేరే సంగతి.

ఆఖరికి మడిల దిగి లెక్కపెట్టిండు. సర్టిఫైడ్ విత్తనానికి వెయ్యికి 2 కేళీల దాకనే పనికొస్తది. మాది అంతకు లోపలనే తేలింది. రెండో తనిఖీకి వేరే సారొచ్చిండు, మర్యాదస్తుడు. ల్యాబుల తేమ 13 శాతం లోపల, మొలక 80 పైన ఉండాలె, ఉన్నది.

విత్తనం పెట్టేటోళ్లు కేళీలను కొయ్యకుండ్రి, వేర్లతోని పీకుండ్రి, కోస్తే మళ్ల పిలకేస్తది. పూతకు ముందే ఒకసారి, ఈనినంక ఒకసారి తీయాలె. తనిఖీ రోజు కంపెనీ మనిషిని ఒడ్డు మీదనే ఉంచుండ్రి. బోనస్ పైసలు ఎప్పుడని అడిగితే ఆయన ఇయ్యాల గూడ ఫోన్ ఎత్తలే.