కథల్లో జ్వరం వేరు

పగలు డబ్బుల కోసం రాస్తాను. కంపెనీల బ్రోషర్లు, వాషింగ్ మెషీన్ వాడే విధానం, ఎవరో పెద్దాయన రిటైర్మెంట్ సంచికకి ముందుమాట, ఏది వస్తే అది. రాత్రి భోజనాలయ్యాక మాత్రం నాకోసం రాసుకుంటాను. నేను రాసేది ఫ్యాన్‌ఫిక్. నాకిష్టమైన సిరీస్‌లోని పాత్రల్ని తీసుకుని, అసలు రచయితలు చూపించకుండా వదిలేసిన సీన్లు నేను రాస్తాను. అందులోనూ నాకు కాస్త పేరు తెచ్చినవి సిక్‌ఫిక్‌లు. ఎవరి దగ్గరా తగ్గని హీరో జ్వరంతో మంచాన పడతాడు. ఆమె రాత్రంతా పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంది. తెల్లారేసరికి జ్వరం దిగుతుంది, మూడు సీజన్ల నుంచి ఇద్దరి మధ్యా నలుగుతున్న మాట బయటికొస్తుంది. ఇలాంటివి బోలెడు రాశాను. చదివినవాళ్ళు ఏడ్చామని చెప్పేవాళ్ళు.

నా బీటా రీడర్ ఒక్కతే ఏడ్చేది కాదు. నేను రాసిన ప్రతి చాప్టరూ ముందు తనే చూస్తుంది. వృత్తిరీత్యా నర్సు. "నూట నాలుగు జ్వరంలో మనిషి ఇంత పొడుగు వాక్యాలు మాట్లాడడు, కోసెయ్" అని మార్జిన్‌లో రాసేది. తనుండేది వేరే దేశంలో, నాకు అర్ధరాత్రయితే తనకి పట్టపగలు. నా అసలు పేరు తనకి తెలియదు, తనది నాకు తెలియదు. నేనివాళ ఇది రాయగలుగుతున్నానంటే అందులో తన వాటా చాలా ఉంది, అందుకే ముందే చెబుతున్నాను.

మా అత్తయ్యకి డెబ్బై దాటాయి. ఏటా ఆవిడకి ఫ్లూ టీకా వేయిస్తాం. ఆ ఏడు క్లినిక్‌కి తీసుకెళ్ళినప్పుడు నాకూ వేయమని అడిగాను. చిన్నప్పటి నుంచి నాకు ఉబ్బసం. చల్లగాలి తగిలినా, దుమ్ము పడినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. డాక్టరుగారు రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే అన్నారు: "ఇంట్లో కూర్చుని కథలు రాసుకునేవాళ్ళకి ఫ్లూ ఎవరంటిస్తారమ్మా?" పక్కనున్న కుర్రాడు నవ్వాడు. ఉబ్బసం ఉంది కదండీ అన్నాను. "అది చిన్నప్పటిది కదా, ఇప్పుడు బానే ఉన్నారుగా. పెద్దావిడకి వేశాం, చాలు" అన్నారు. తర్వాతి పేషెంటుని పిలిచారు.

ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళు ఎవరినీ కలవరని, ఎక్కడికీ పోరని ఆయనకి ఎవరు చెప్పారో! పైగా ఉబ్బసంలాంటి దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా పిల్లలు, వయసు మళ్ళినవాళ్ళు, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు, వీళ్ళకి ముందు వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. నేను ఆ జాబితాలో ఉన్నదాన్నే. అడిగి మరీ లేదనిపించుకున్నాను.

తర్వాత కొన్ని వారాలకి మా ఫ్యాండమ్, అంటే ఆ సిరీస్ అభిమానులమంతా కలిసే కన్వెన్షన్ జరిగింది. కిటికీల్లేని హాలు, ఏసీ, పాత్రల్లా కాస్‌ప్లే వేషాలు వేసుకుని భుజాలు రాసుకుంటూ తిరిగే జనం. నేను మా వాళ్ళు సొంతంగా అచ్చేసుకున్న చిన్న పత్రికలు, జీన్‌లంటాం, పెట్టుకున్న టేబుల్ దగ్గర కూర్చున్నాను. ముదురు నీలం గౌనులాంటిది వేసుకుని, గోళ్ళకి కూడా అదే నీలం పూసుకున్నాను. అరిచి అరిచి సాయంత్రానికి గొంతు పోయింది. కన్వెన్షన్ నుంచి వచ్చినవాళ్ళకి జలుబో జ్వరమో రావడం మాకు మామూలే, దానికో ముద్దు పేరు కూడా ఉంది: కాన్ క్రడ్. గొంతు పోయింది కదా అని నేనూ నవ్వుకున్నాను.

ఫ్లూ సోకాక లక్షణాలు కనపడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుందట. నాకు మధ్యాహ్నం బాగానే ఉంది, సాయంత్రానికి లేచి నిలబడలేకపోయాను. జలుబు మెల్లగా వస్తుంది, ఇది అలా కాదు, ఏ గంటకి పడ్డానో చెప్పగలను. ఎముకల్లో నొప్పులు. కళ్ళు అటూ ఇటూ తిప్పితే కళ్ళే నొప్పి. అదే డాక్టరుకి ఫోన్ చేస్తే పారాసెటమాల్, దగ్గు మందు చెప్పారు. ఫ్లూకి విడిగా మందుంది, ఒసెల్టామివిర్. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. నాలాంటి ఉబ్బసం మనిషికి ఆ మందు గురించి ఒక్క ముక్క చెప్పలేదాయన.

ఆ వారం చివరికి జ్వరం తగ్గింది. లేచి కూర్చున్నాను. తలస్నానం చేశాను. ఆగిపోయిన చాప్టర్ తెరిచి నాలుగు లైన్లు కూడా రాశాను. ఇక్కడే మోసం ఉంది. మర్నాడు సాయంత్రం మళ్ళీ వణుకు, ఈసారి కుడి పక్క డొక్కలో పోటు, తుప్పు రంగు కఫం. ఫ్లూ వైరస్ ఊపిరితిత్తుల్ని పాడుచేసి వెళ్ళాక, ఆ సందులో బ్యాక్టీరియా దూరి న్యుమోనియా తెస్తుంది. తగ్గిన జ్వరం తిరిగి రావడం దానికి గుర్తు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్ళో లేడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఆయాసంగా ఉందని చెప్పాను. "ఫ్లూయే కదా, తగ్గాక కాస్త నీరసం ఉంటుంది. పొద్దున్నే చూపించుకో, రాత్రిపూట హడావిడెందుకు" అన్నాడు. నిద్రమత్తులో ఉన్నాడు, పొద్దుటి నుంచి ప్రయాణం, అవన్నీ నాకు తెలుసు. అయినా "ఫ్లూయే కదా" అన్న మాట మర్చిపోలేను. సీజనల్ ఫ్లూ తెచ్చే శ్వాస సమస్యలతో ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో ఎవరో ఒకరు అదే మాట అని ఉంటారో!

రెండయింది. పడుకుంటే ఊపిరాడటం లేదు. మంచం అంచున కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని దాని మీదికి వంగి ఉన్నాను. ఇన్‌హేలర్ కొట్టుకున్నా గుణం లేదు. నోటితో ఒక మాట పూర్తిచెయ్యడానికి రెండుసార్లు ఆగాల్సి వస్తోంది. వేళ్ళు మాత్రం పనిచేస్తున్నాయి. ఫోన్ తీసి బీటాకి మెసేజ్ పెట్టాను: ఊపిరి అందట్లేదు. ఇంకేం రాయాలో తోచలేదు.

వెంటనే జవాబొచ్చింది. ధైర్యం చెప్పలేదు, అయ్యో అనలేదు. "గడియారం ఎదురుగా పెట్టుకో. నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నావో లెక్కపెట్టు" అంది. ముప్పై నాలుగు. పెద్దవాళ్ళకి మామూలుగా పన్నెండు నుంచి ఇరవై దాకా ఉండాలట. ఇంట్లో ఆక్సీమీటర్, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే మిషన్, ఉందా అంది. ఉంది. పెట్టాను. 84 చూపించింది, వెంటనే 91, మళ్ళీ గీతలు. అది చెబితే తను అడిగింది: "గోళ్ళకి ఇంకా ఆ నీలం రంగుందా?" కన్వెన్షన్ ఫోటోల్లో చూసింది మరి. ముదురు రంగుంటే ఆ మిషన్ సరిగ్గా చూపించదట. "ఒక్క వేలికి తీసేసి మళ్ళీ చూడు. ఇంట్లో ఎవరున్నారు? లేపు."

అత్తయ్యని పిలవడానికి గొంతు రాలేదు. స్టీలు గ్లాసుతో మంచం కోడు మీద కొట్టాను. ఆవిడ వచ్చారు, నా మొహం చూశారు, ఏమిటని అడగలేదు. ఫోన్లో మెసేజ్ చూపించాను. కళ్ళజోడు వెతుక్కుని చదివారు. ఆ నీలం రంగు పూసుకున్న రోజు "ఈ వయసులో ఈ వేషాలేంటమ్మాయ్" అన్న మనిషి, దూది మీద రిమూవర్ వంచి నా చూపుడు వేలు పట్టుకుని గట్టిగా రుద్దడం మొదలుపెట్టారు. ఆ వాసనకి నాకు దగ్గు తెర వచ్చింది. ఆవిడ ఆపలేదు. గోరు మూలల్లో మిగిలిన రంగుని కూడా చీర కొంగుతో తుడిచేసి, మిషన్ పెట్టారు. 86. కదలకుండా 86. రంగు కింద నా గోరు కూడా నీలంగానే ఉంది. ఇద్దరం చూశాం, ఇద్దరం ఏమీ అనలేదు.

"పొద్దుటి దాకా ఆగొద్దు. ఇప్పుడే అంబులెన్స్ పిలవండి" అని బీటా రాసింది. మీ అబ్బాయి పొద్దున్న చూపించుకోమన్నాడని అత్తయ్యకి ఎలాగో చెప్పాను. "వాడికేం తెలుసు" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ నోట కొడుకు గురించి ఇలాంటి మాట వినలేదు.

ఆస్పత్రి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ముక్కులో స్వాబ్, ఆక్సిజన్, సెలైన్‌లో యాంటీబయాటిక్. స్వాబ్‌లో 'ఇన్‌ఫ్లుయెంజా ఏ' అనే ఫ్లూ రకం అని తేలింది. డ్యూటీ డాక్టరు, చిన్న వయసు అమ్మాయి, "ఉబ్బసం పెట్టుకుని టీకా వేయించుకోలేదా?" అని మందలించినట్టు అడిగింది. మొహానికి మాస్క్ ఉంది, జవాబు చెప్పే ఓపిక లేదు. ఆ అన్యాయానికి మాత్రం కన్నీళ్ళొచ్చాయి. అదే అమ్మాయి ఆ రాత్రి నాలుగైదుసార్లు వచ్చి చూసింది. ఒకసారి మాస్క్ కింద చర్మం ఒరుసుకుపోయిందని చిన్న గాజుగుడ్డ మడిచి పెట్టింది. ఆమె మీద కోపం పెట్టుకోలేకపోయాను.

అక్కడ పడుకుని నేను రాసిన హీరోల్ని తలుచుకున్నాను. నుదుటి మీద తడిగుడ్డ! నన్నెవరైనా ముట్టుకుంటే నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదా ప్రేమ పొంగలేదు. మనసులో ఒకే ఒక ఆలోచన, తర్వాతి ఊపిరి. అత్తయ్య కుర్చీలో కూర్చుని పెదాలు కదుపుతూ ఏదో చదువుకుంటున్నారు. అంతా దేవుడి దయ అంటారావిడ. కాదనను. ఆ దేవుడు ఆ వేళకి వేరే దేశంలో ఒక నర్సుని లంచ్ బ్రేక్‌లో కూర్చోబెట్టాడు మరి.

ఇంటికొచ్చాక నీరసం వారాల తరబడి పోలేదు. మెట్లెక్కితే మధ్యలో ఆగాలి. చదివిన పేజీయే మళ్ళీ చదవాలి. ఆరు వారాలకి తీసిన ఎక్స్‌రేలో మచ్చ పోయింది. ఆలోపు ఒక పాఠకురాలు నా ఆగిపోయిన చాప్టర్ కింద రాసిన మాట చూశాను: "రైటరమ్మలకి జ్వరం ఎప్పుడూ క్లైమాక్స్ ముందే వస్తుంది." దానికి చాలామంది నవ్వారు. నేను మూడు జవాబులు రాసి మూడూ చెరిపేశాను. ఆవిడ బాగుండాలి, ఆవిడకి ఊపిరితిత్తులు బాగా పనిచెయ్యాలి, అంతకంటే ఏమంటాను.

రాసేవాళ్ళకి ఉండే జబ్బే నాకూ ఉంది, ఏది జరిగినా దాని గురించి చదివెయ్యడం. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది, టీకా ఇచ్చిన రక్షణా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, అందుకే ఏటా వేసుకోవాలి. ఏ రకాలు పెట్టాలో నిపుణులు ఏడాదికి రెండుసార్లు కూర్చుని తేలుస్తారు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో. 2020 మార్చి తర్వాత బి/యమగాటా అనే రకం ఎక్కడా ఖాయంగా కనపడకపోవడంతో దాన్ని టీకాలోంచి తప్పిస్తున్నారు, సిరీస్‌లో ఒక పాత్ర చెప్పాపెట్టకుండా మాయమైనట్టు. వేసుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి కన్వెన్షన్లకి వెళ్ళేవాళ్ళు ముందు రోజు పరిగెత్తి లాభం లేదు. వేసుకున్నా ఫ్లూ రావచ్చు. టీకా సరిగ్గా కుదిరిన ఏళ్ళలో డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిన ఫ్లూ 40 నుంచి 60 శాతం తగ్గుతుందని లెక్కలు చెబుతున్నాయి. నాకు ఏ శాతమైనా చాలు. అత్తయ్య అన్ని రోజులూ నా మంచం పక్కనే ఉన్నారు, ఆవిడకి తుమ్ము కూడా రాలేదు. టీకా వల్లేనని ఒట్టెయ్యలేను గానీ, నేనైతే అలాగే అనుకుంటున్నాను.

ఇంకో మాట. తగ్గిన జ్వరం తిరిగొస్తే, ఒక వాక్యం చెప్పడానికి మధ్యలో ఆగాల్సి వస్తే, ఛాతీలో పోటుంటే, పెదాలు నీలంగా మారితే, మనిషి మాట తికమకపడితే తెల్లారేదాకా చూడకండి. ఎవరేమనుకున్నా సరే.

ఈ ఏడు సీజన్ మొదలవకముందే అదే క్లినిక్‌కి వెళ్ళాను. వేరేచోటికి పోవచ్చు, కావాలనే పోలేదు. డిశ్చార్జి కాగితాలు ఆయన ముందు పెట్టి, నిరుడు మీరిలా అన్నారని చెప్పాను. "నేనలా అన్నానా?" అన్నారు. నిజంగానే గుర్తులేదు ఆయనకి. నేను నెలల తరబడి మనసులో పోట్లాడిన మనిషికి అసలా సంభాషణే లేదు. కాగితాలు చివరిదాకా చదివారు, అయ్యో అన్నారు, తనే స్వయంగా లేచి ఇంజెక్షన్ వేశారు. ఇంటికొచ్చేదాకా నాకు కోపం పోయిందో లేదో తేలలేదు.

మా ఆయనకీ వేయించాను. ఇంట్లో నలుగురిని చూసేది నేనేనని, నాకు అంటించే హక్కు ఆయనకి లేదని చెబితే చొక్కా చెయ్యి మడిచాడు. మర్నాడు కాస్త ఒళ్ళు వెచ్చబడి, చెయ్యి లాగుతోందని మంచమెక్కాడు. టీకా వల్లే ఫ్లూ వచ్చేసిందని మూలుగు. అందులో ఉన్నది చచ్చిన వైరస్ ముక్కలని, దాంతో ఫ్లూ రాదని, ఇది రేపటికి తగ్గిపోతుందని చెప్పాను. వినలేదు. రాత్రి పదకొండింటికి లేపి, డాక్టరుకి ఫోన్ చేద్దామా అన్నాడు.

"పొద్దున్నే చూపించుకో, రాత్రిపూట హడావిడెందుకు" అన్నాను. పక్కగదిలోంచి అత్తయ్య నవ్వడం ఇద్దరికీ వినపడింది.