ట్రైలర్ తగిలించే పని

ఇవాళంతా బండి వెనకే సరిపోయింది. ఎల్లుండి పొద్దున్నే బయల్దేరాలి, ట్రైలర్ చిన్నదే గానీ అంత దూరం లాగడం ఇదే మొదలు, అందుకే తమ్ముడూ నేనూ ఎండెక్కకముందే కూర్చున్నాం, ముందు కాగితం పెన్ను పట్టుకుని.

ఎస్‌యూవీ 2,000 కిలోలు లాగుతుందని మాన్యువల్లో ఉంది, సామానుతో కలిపి ట్రైలర్ 1,100 దాకా తూగుతుంది. "ఇంకేంటక్కా, సగమే కదా" అన్నాడు వాడు. లాగడానికి ఇబ్బంది లేదురా, ఇరుకంతా మోయడం దగ్గరే. ట్రైలర్ ముక్కు హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం మీద, మోపే బరువు, అదే టంగ్ వెయిట్, కారు మోసే లెక్కలోకే వస్తుంది. మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉంటే మంచిదంటారు, అంటే మాకు 110 నుంచి 165, కానీ మా హిచ్ ప్లేటు మీద 150 మించొద్దని ఉంది కాబట్టి అదే హద్దు. కారు మోయగలిగింది 480, అందులో మనుషులం నలుగురం 270, హిచ్ సామగ్రి 25, ముక్కు బరువు 130 అనుకుంటే డిక్కీకి మిగిలేది 50 చిల్లర! డిక్కీ ఎంత పెద్దగా కనిపిస్తే ఏం లాభం. బరువైన పెట్టెలన్నీ ట్రైలర్లోకి పోవాల్సిందే, అక్కడ ఇరుసుకి కొంచెం ముందు పెడితే వాటి బరువులో కొద్ది భాగమే కారు మీద పడుతుంది.

మరి ముక్కు బరువు తూచేదెలా? ఇంట్లో మనుషులు తూచుకునే మెషిన్‌తోనే అయిపోయింది. ఒక దుంగ తీసుకుని ఒక చివర ఇటుక మీద, రెండో చివర మెషిన్ మీద ఆనించి, ఇటుక వైపు నుంచి మూడో వంతు దూరంలో ముక్కు దింపితే మెషిన్ మీదికి మూడో వంతు బరువే వస్తుంది. దుంగ బరువు ముందే చూసి తీసేయాలి, ట్రైలర్ చక్రాలకి అడ్డం పెట్టాలి, నేల చదునుగా ఉండాలి. మొదటిసారి 32 వచ్చింది, అంటే 96, తక్కువ. వెనక బరువెక్కువైతే స్పీడు పెరిగేకొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది, అది ముదిరితే కారునే తిప్పేస్తుంది, అలాగని ముందుకి మరీ తోసేస్తే కారు వెనక కుంగి ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. టూల్ పెట్టె, జనరేటర్ ముందుకి జరిపి మళ్ళీ తూచితే 44 చూపించింది, 132 అన్నమాట. ఇది చూశాక గానీ నాకు నిమ్మళం లేదు.

తర్వాత వైరింగ్. 7 పిన్ల ప్లగ్ పెట్టి చూస్తే ఎడమ ఇండికేటర్ వేసినప్పుడల్లా టెయిల్ లైటు కూడా మిణుకుమంటోంది. ఇలాంటి దెయ్యం వేషాలు వేసిందంటే నూటికి తొంభై పాళ్ళు ఎర్త్ వైరే, స్క్రూ విప్పి తుప్పు గరుకు కాగితంతో గీకి బిగించాం, కుదిరిపోయింది. సేఫ్టీ చెయిన్లు ముక్కు కింద క్రాస్‌గా వేశాం, కప్లర్, అంటే హిచ్‌ని పట్టుకునే ట్రైలర్ కొస, ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద ఆగడానికి. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసే బ్రేక్‌అవే కేబుల్ మాత్రం చెయిన్లకి కాదు, కారుకి విడిగా తగిలించాలి, లేకపోతే అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

ట్రైలర్ టైర్లు కొత్తవి వేయించేశాం. పాతవాటి గాడులు నిగనిగలాడుతున్నాయి గానీ పక్కన నాలుగంకెలు 2316, అంటే 2016లో 23వ వారం తయారీ. ట్రైలర్ టైరు అరిగి చావదు, నిలబడి నిలబడి ఎండలో పగిలి చస్తుంది. బేరింగ్‌లకి గ్రీజు పెట్టడం వాడే చేశాడు, మోచేతులదాకా పూసుకుని.

సాయంత్రం తగిలించి ఖాళీ రోడ్డు మీద తిప్పాం. రివర్సులో స్టీరింగ్ అడుగున చెయ్యి పెడితే చెయ్యి ఎటు పోతే ట్రైలర్ అటే పోతుంది, ఆ ఒక్క చిట్కాతో వాడు తిన్నగా వెనక్కి తెచ్చేశాడు, నేనింకా కాస్త వంకరే. ఊగితే ఏం చేయాలో మాత్రం వాడి చేత నోటితో చెప్పించా. "కాలు తీసేస్తా, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పను, డ్రైవర్ దగ్గరుండే బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకే మెల్లగా వేస్తా" అన్నాడు. "మరి కారు బ్రేకు?" "సడన్‌గా తొక్కనక్కా!" ఘాట్‌లో దిగేటప్పుడు కూడా గేరు ముందే తగ్గించుకుని ఇంజన్ మీద దిగాలి, ఎక్కేటప్పుడు బరువు లాగడానికని కారులో ఉండే టో మోడ్ వేయాలి, గేర్‌బాక్స్ వేడెక్కితే పక్కన ఆపడమే.

తిరిగొచ్చి బేరింగ్‌లు వేడెక్కాయేమోనని ట్రైలర్ చక్రాల నడిమి హబ్‌ల మీద చెయ్యి పెట్టి చూస్తే రెండూ సమానంగా గోరువెచ్చగా ఉన్నాయి. చక్రాల నట్లు ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో బిగించాం, కొత్తగా వేసినవి కాబట్టి దారిలో 80, 100 కిలోమీటర్లకి ఇంకోసారి చూడాలి. అద్దాలకి ఎక్స్‌టెన్షన్లు రేపు బిగించాలి, ట్రైలర్ స్టెప్నీ మార్చడానికి జాకీ సరిపోతుందో లేదో చూసేది కూడా రేపే, కారు జాకీ ట్రైలర్ కిందకి దూరేలా లేదు.